బురుజు కచేరీ

ప్రజలకు ప్రభుత్వాన్ని మరింత దగ్గర చేయడం ఎలాగో చూసి రమ్మని ప్రభుత్వం ఏడుగురు పెద్ద అధికారులను ఐర్లండు పంపిన సంగతి అసిస్టెంట్ ఇంజనీరు పొట్నూరు సుభద్రకు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా అప్పటికి లేదు. జీడివలస మండలంలో బడులు, కాలువలు, మరుగుదొడ్లు కట్టించడం ఆమె ఉద్యోగం. పదమూడేళ్ళుగా అదే చేస్తోంది. ఆమె కట్టించినవన్నీ ఇంకా నిలబడే ఉన్నాయి. మరమ్మతుల పద్దు కింద ఒక్క ప్రతిపాదన కూడా పంపని ఇంజనీరుగా ఆమెకు పై ఆఫీసులో కొంచెం చెడ్డ పేరుంది.

ఆ ఏడుగురూ ఐర్లండులో ఉన్న పదకొండు రోజులూ ఒకటే వాన. చూడవలసిన పౌరసేవా కేంద్రాలు ఊరికి అవతలెక్కడో ఉన్నాయి. దిగిన హోటలు పక్కన మాత్రం, గొడుగు లేకుండా పరుగెత్తి చేరుకోగలిగినంత దూరంలో, అయిదారు వందల ఏళ్ళ నాటి రాతి బురుజు ఒకటుంది. ఆ రోజుల్లో అక్కడి దొరలు అలాంటి బురుజులే ఇళ్ళుగా కట్టుకుని కాపురముండేవారట. కింద ఒకటే తలుపు, పైకి నాలుగంతస్తులు, గోడ మందం ఒక మనిషి కాళ్ళు బారజాపుకు పడుకునేంత. బృందం ఆ బురుజును నాలుగుసార్లు చూసింది. తిరిగొచ్చాక నివేదిక రాయాలి కాబట్టి చూసినదే రాసింది.

ప్రభుత్వం నివేదికను సూత్రప్రాయంగా ఆమోదించింది. కొత్తగా కట్టే తహసీల్దారు కార్యాలయాలన్నీ ఇకపై ఆ నమూనాలోనే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ప్రయోగాత్మకంగా మొదటి కార్యాలయం జీడివలసకు దక్కింది. ఎందుకంటే అక్కడ రాయి చవక.

జిల్లా కేంద్రంలో పెట్టిన సమావేశానికి సుభద్ర వెళ్ళేసరికి పాలనా సంస్కరణల ప్రత్యేక కార్యదర్శి నళినాక్షరావుగారు తెర మీద బురుజు బొమ్మ చూపిస్తున్నారు. బృందానికి నాయకుడు ఆయనే. జలుబు ఇంకా తగ్గలేదు.

"మిత్రులారా, మన కార్యాలయాల మౌలిక లోపం ఏమిటి? ఎవరు పడితే వారు లోపలికి రాగలగడం. దీనివల్ల పరిపాలన మీద పరిపాలకుడి ఏకాగ్రత దెబ్బతింటోంది. ఐర్లండు ఈ సమస్యను పదిహేనో శతాబ్దంలోనే పరిష్కరించుకుంది. ఆనాటి రాజు, బురుజు కట్టుకున్నవాడికి సబ్సిడీ కూడా ప్రకటించాడు. కొలతలు ఇంతకు తగ్గరాదని షరతు. గమనించండి, నాటికే అక్కడ నమూనాలూ, నిబంధనలూ ఉన్నాయి."

తర్వాత ఒక్కొక్క భాగమే వివరించారు. గుమ్మం దాటగానే నెత్తిమీద కప్పులో ఒక రంధ్రం ఉంటుంది. శత్రువు లోపలికొస్తే దాంట్లోంచి రాళ్ళు, మరుగుతున్న నీళ్ళు పోసేవారు. దాన్ని అక్కడివాళ్ళు హత్యారంధ్రం అంటారట.

"మనది సంక్షేమ రాజ్యం," అన్నారు నళినాక్షరావుగారు. "కాబట్టి దాన్ని ప్రజాసంపర్క రంధ్రం అని వ్యవహరించాలి. నీళ్ళు పోయరాదు."

గోడ లోపల సుడి తిరుగుతూ పైకి వెళ్ళే మెట్లు ఒక మనిషి పట్టేంత ఇరుకు. వాటిలో ఒక మెట్టు మాత్రం మిగతావాటికంటే జానెడు ఎత్తు. తెలియనివాడు పరుగున వస్తే దానికి తన్నుకుని బోర్లా పడతాడు. దీనికి ఉత్తర్వులో పెట్టిన పేరు అప్రమత్తతా సోపానం. మరుగుదొడ్డి గోడలోనే ఉంటుంది. అక్కడి దొరలు తమ దుస్తుల్ని మరుగుదొడ్డి గొట్టం పైన వేలాడదీసేవారనీ, ఆ ఘాటుకి పేలు చచ్చేవనీ బృందం తెలుసుకుంది. కాబట్టి రికార్డు గదిని అక్కడే పెడితే ఫైళ్ళకు చెదలు పట్టవు.

సుభద్ర లేచి నిలబడింది. "సార్, మెట్లు కుడివైపుకే తిరగాలని రాశారు. ఎందుకో తెలిస్తే సెంటరింగు పనికి ఉపయోగపడుతుంది."

"మంచి ప్రశ్న. పైనున్నవాడి కుడిచేతికి కత్తి తిప్పడానికి చోటుంటుంది. కిందినుంచి వచ్చేవాడి కుడిచేతికి గోడ అడ్డం వస్తుంది."

"తహసీల్దారుగారు కత్తి పట్టరు కదా సార్."

"పెన్ను ఏ చేత్తో పట్టుకుంటారు?"

"మా పట్నాయక్ గారు ఎడమచేత్తో పట్టుకుంటారు సార్."

బృందం ఈ కోణంలో ఆలోచించలేదు. ఆ అంశం మీద విడిగా ఒక ఫైలు తెరిచారు. మెట్లు ఎడమవైపుకి తిప్పాలా, తహసీల్దారును బదిలీ చేయాలా అని మూడు శాఖలు అభిప్రాయాలు రాశాయి. చివరికి, బురుజులో ఉన్నంతసేపూ తహసీల్దారు కుడిచేతి వాటం కలిగి ఉండవలెనని ఉత్తర్వు జారీ అయింది.

పని మొదలైంది. జీడివలసలో రాతిపనికి పెట్టింది పేరు మేస్త్రి సన్యాసి. ముప్పై ఏళ్ళుగా తాపీ పట్టినవాడు. సుడిమెట్లు పన్నెండో వరస దాకా వచ్చాక ఒకరోజు తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, తప్పు చేసినవాడిలా సుభద్ర దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఒక మెట్టు ఎత్తెక్కువయిపోనాది. మా కుర్రోళ్ళు కొలత సూసుకోనేదు కామోసు. కొట్టీసి మళ్ళీ కట్టీమంటారా?"

"వద్దు మేస్త్రీ. అది అలాగే ఉండాలి. డిజైనే అంత."

సన్యాసి డిజైను కాగితం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "జనాలు పడిపోతారు కదమ్మా."

"పడాలనే."

అతను తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయితే ఇది నాను కట్టినట్టు ఎవుల్తోనూ సెప్పకండమ్మా," అన్నాడు. ఆ మాట సుభద్రకు రెండు రోజులు గుచ్చుకుంటూనే ఉంది. ఆమె పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. మెట్టు ప్రమాదకరమని, ముసలివాళ్ళు వస్తుంటారని. జవాబు వారంలో వచ్చింది. మెట్టు పక్కన హెచ్చరిక బోర్డు పెట్టవలెను. బోర్డు మీద ఏమి రాయాలో కూడా వాళ్ళే పంపారు: 'ఈ మెట్టు చారిత్రకమైనది. గౌరవించండి.'

చలికాలం చివరికి బురుజు లేచింది. నాలుగంతస్తులు, పైన కోటగోడలా పళ్ళుపళ్ళుగా పిట్టగోడ, చుట్టూ ప్రహరీ కట్టిన ముంగిలి, బాణాలు వేసుకోవడానికి సరిపడా కిటికీలు. కప్పు కమాను కింద ఐర్లండులో లాగానే వెదురు తడకలు పరిచి సున్నం పోశారు. తడక తీసేశాక దాని అచ్చు కప్పు మీద మిగిలింది. ప్రారంభోత్సవానికొచ్చిన నళినాక్షరావుగారు తల పైకెత్తి ఆ అచ్చులు చూసి కళ్ళు తుడుచుకున్నారు. అలా తల పైకెత్తి నడవడంవల్లే పన్నెండో మెట్టు దగ్గర బోర్లా పడ్డారు. లేచి, మోచేయి దులుపుకుని, "అద్భుతంగా పని చేస్తోంది," అన్నారు.

తహసీల్దారు ఉమామహేశ్వర పట్నాయక్ నాలుగో అంతస్తులో, దొరలు కూర్చునే హాల్లో కొలువు తీరారు. మొదటి నెలలో ఆ హాలు దాకా చేరిన అర్జీలు మూడు. రెండో నెలలో ఒకటి. అది కూడా తపాలాలో వచ్చింది. మూడో నెల సున్నా. ఆ సున్నాను పై అధికారులు ఎర్రసిరాతో చుట్టి, ప్రజల సమస్యలు పూర్తిగా పరిష్కారమైన మొదటి మండలంగా జీడివలసను ప్రకటించారు. మిగిలిన పదహారు బురుజుల మంజూరుకు ఒకే ఒక్క కాగితం తక్కువైంది. భవనం ఉద్దేశించిన ప్రయోజనాన్ని నెరవేరుస్తోందని దాన్ని కట్టించిన ఇంజనీరు ధ్రువీకరించాలి.

ఆ ధ్రువీకరణ కోసం బుధవారం పొద్దున సుభద్ర బురుజుకు వెళ్ళింది. లోపలి మలుపులో పన్నెండో మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని, మోకాలికి పమిటకొంగు అదిమి పట్టుకుని ఉంది. కొంగు ఎర్రబడింది.

"ఏమైంది మామ్మా?"

"ఏటుందమ్మా, పడిపోనాను. నిన్న కూడా ఇక్కడే పడ్డాను. ఎవుడు కట్టినాడో గానీ ఆడికి కళ్ళు నేవు."

సుభద్ర ఆమె పక్కన కూర్చుంది. సీసాలో నీళ్ళతో దెబ్బ కడిగి, తన చేతిరుమాలు కట్టింది.

ముసలామె పేరు బొంతల అప్పలనరసమ్మ. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని. కొడుకూ కోడలూ చేపల రేవులో పనికి వలస పోతే మనవరాలు రూపవతిని తనే పెంచుతోంది. ఆ పిల్లకు గురుకులం బడిలో అయిదో తరగతి సీటొచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా ఈ మండలంలోనే ఉంటున్నట్టు నివాస ధ్రువపత్రం చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తహసీల్దారు సంతకం ఒక్కటే కావాలి.

సుభద్ర ఆమెను చెయ్యి పట్టి కిందికి దించింది. తనే పైకెళ్ళి మాట్లాడదామనుకునేలోగా నెత్తిమీది రంధ్రంలోంచి ఒక గొంతు వినిపించింది. అది సీనియర్ అసిస్టెంటు వరహాలుది.

"కింద ఎవరు? విషయం క్లుప్తంగా విన్నవించుకోవాలి."

"నానే బాబూ, అప్పలనరసమ్మని. కాయితం తెచ్చినాను."

"కాగితాలు నాలుగో అంతస్తులో స్వయంగా సమర్పించాలి."

"ఎక్కలేకపోతన్నాను బాబూ. మోకాలు సితికిపోనాది."

"అయితే ఎక్కలేనట్టు ధ్రువపత్రం తేవాలి."

"అదెక్కడిత్తారు?"

"నాలుగో అంతస్తులో."

సుభద్ర రంధ్రం కింద నిలబడి పైకి చూసింది. వరహాలు కళ్ళద్దాలు కనిపించాయి. ఆమెను చూడగానే అవి వెనక్కి తగ్గాయి. "మేడమ్, మీరా! నమస్కారమండి. మీ రంధ్రం చాలా సౌకర్యంగా ఉందండి," అన్నాడతను.

అప్పలనరసమ్మ కాగితం తీసుకుని సుభద్రే పైకెక్కింది. అర్జీదారు తరఫున ఇతరులు సమర్పించే అర్జీలు స్వీకరించరాదని గోడకు అంటించిన నిబంధన చూపించాడు వరహాలు. తహసీల్దారుగారు దర్శనమివ్వలేదు. కుడిచేత్తో సంతకం సాధన చేస్తున్నారట.

ఇంటికొచ్చి ఆమె ధ్రువీకరణ పత్రం ముందు పెట్టుకుని కూర్చుంది. భవనం ఉద్దేశించిన ప్రయోజనాన్ని నెరవేరుస్తోంది. ఆ వాక్యంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. అదే ఆమెను సంతకం పెట్టనివ్వలేదు. ఏదైనా దారి దొరుకుతుందేమోనని బృందం నివేదిక మొదటినుంచీ చదివింది. నూట పద్నాలుగు పేజీలు. చివర్లో, బురుజు దగ్గర పర్యాటకులకు పంచే చిన్న పుస్తకాన్ని అనుబంధంగా కుట్టారు. ఆ పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అంతవరకూ ఎవరూ తెరవలేదు. సుభద్ర వాటిని బ్లేడుతో విడదీసి చదివింది. రెండుసార్లు చదివింది.

శుక్రవారం పదిన్నరకి ఆమె మళ్ళీ బురుజు చేరేసరికి ముంగిలి నిండా ఆడవాళ్ళున్నారు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చిన నలభైమంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కాగితం. నాలుగు నెలల్లో పన్నెండో మెట్టు దాటని పనులన్నీ అక్కడికొచ్చాయి. అప్పలనరసమ్మ గుమ్మానికి ఎదురుగా నేలమీద కూర్చుని ఉంది. పక్కన జీడిమామిడి పళ్ళు కోసే పొడుగాటి దోటీ.

"ఎక్కేది నేదమ్మా," అంది సుభద్రతో. "ఆళ్ళే దిగుతారు. అయిదైతే ఇంటికి దిగాల కదా. దిగితే ఇదే దారి కదా."

సుభద్ర బురుజును కిందినుంచి పైదాకా చూసింది. అది నిజమే. లోపలికి ఒక్కొక్కరే రావాలని కట్టిన దారిలోంచి బయటికి కూడా ఒక్కొక్కరే రావాలి. కమాను పోయించింది తను, మెట్లు తిప్పించింది తను, ఈ సంగతి తనకెందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఉద్యోగుల క్యారేజీలు వచ్చాయి. తెచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరి జనాన్ని చూసి ఆగిపోయారు. "పోనివ్వకండే, కడుపు మాడితే ఆళ్ళే దిగుతారు," అంది గుంపులోంచి ఒకామె.

"ఊరుకో," అంది అప్పలనరసమ్మ. "ఇంట్లో ఆడోళ్ళు పొద్దున్నే లేసి వండి పంపినారు. తిండి ఆపితే ఎలాగ?" దోటీ కొక్కేనికి క్యారేజీ తగిలించింది. దాని పిడికి నాలుగు అర్జీలు మడిచి కట్టింది. రంధ్రంలోంచి పైకెత్తింది. పైన చేతులు కనిపించాయి. క్యారేజీ లోపలికి వెళ్ళింది. కాసేపటికి అర్జీలు కిందికి రాలి పడ్డాయి. రెండో క్యారేజీకి ఆమె కాగితాలను పిడికి కాకుండా పప్పుగిన్నె మూత కింద పెట్టింది. అవి తిరిగి రాలేదు.

రెండింటికి పిట్టగోడ మీద పట్నాయక్ గారు కనిపించారు. చేతిలో మైకుంది. "ప్రజలకు విజ్ఞప్తి. మన మండలంలో సమస్యలు లేవని ప్రభుత్వం ప్రకటించి ఉంది. కావున మీరు సమస్యలు కలిగి ఉండటం ప్రభుత్వ ప్రకటనకు విరుద్ధం. దయచేసి శాంతియుతంగా..." మైకు కీచుమంది. గాలికి కాగితం ఎగిరిపోయింది. ఆయన దాన్ని పట్టుకోబోయి, పట్టుకోలేక, లోపలికి వెళ్ళిపోయారు.

సుభద్ర మెట్లెక్కింది. నాలుగో అంతస్తు హాలు పట్టపగలే మసకగా ఉంది. సన్న కిటికీలోంచి పడిన వెలుతురు గీత ఫైళ్ళ మీద ఉంది. దాని ప్రకారం ఫైళ్ళను జరుపుకుంటూ పట్నాయక్ గారు కూర్చున్నారు. మనిషి పాలిపోయి ఉన్నారు. గాలిలో రికార్డు గది వాసన.

"కిందున్నవాళ్ళు మీ మీదికి రారు సార్. సంతకాలు కావాలంతే."

"నాకు తెలుసండీ," అన్నారాయన. "ఫోను పలకదు. ఈ గోడలు దాటి సిగ్నలు రాదు. మా అమ్మాయి పురిటికొచ్చిన కబురు సాయంత్రం దిగాక గానీ నాకు తెలియలేదు. ఆ మెట్టు మీద నేను కూడా రెండుసార్లు పడ్డాను సుభద్రగారూ. రిపోర్టులో రాయలేదు. రాస్తే, అక్కడ పడ్డవాడు శత్రువని లెక్క కాబట్టి, ఆ జాబితాలో నా పేరు ఎక్కించాల్సి వస్తుందన్నాడు వరహాలు."

సుభద్రకు నవ్వు రాలేదు. నవ్వొచ్చే మాటే, కానీ ఆయన కళ్ళు చూస్తే రాలేదు. బ్యాగులోంచి ఆ చిన్న పుస్తకం తీసింది.

"సార్, ఐర్లండు నమూనా మనం సగమే అమలు చేశాం."

"ఇంకా ఉందా?" అన్నారాయన భయంగా.

"ఉంది. పదిహేడో శతాబ్దం వచ్చేసరికి ఆ దొరలే ఈ చీకటికీ, ఈ మెట్లకీ విసిగిపోయారట. చాలామంది బురుజును ఆనుకునే పెద్ద పెద్ద కిటికీలతో మామూలు ఇల్లు కట్టుకుని అందులోకి మారిపోయారు. ఇది ప్రభుత్వం ఆమోదించిన నివేదికలోనే ఉంది. నూట తొమ్మిదో పేజీ. రెండో దశ కింద రాసి పంపుతాను. అంతవరకూ మీరు ముంగిట్లో కూర్చుంటే, రెండో దశను ప్రయోగాత్మకంగా ప్రారంభించినట్టవుతుంది."

పట్నాయక్ గారు ఆ పేజీని వెలుతురు గీతలో పెట్టి చదివారు. 'ప్రయోగాత్మకంగా' అన్న మాట పైకి పలికి చూసుకున్నారు. లేచి రబ్బరుస్టాంపు జేబులో వేసుకున్నారు.

దిగేటప్పుడు ఆయన తొందరలో మెట్లు లెక్కపెట్టుకోలేదు. ఎత్తు మెట్టు అంచున కాలు జారింది. అక్కణ్ణించి గుమ్మం దాకా ఎలా వచ్చారో ఆయనకే తెలియదు. వెలుతుర్లోకి వచ్చి పడుతుంటే నలుగురైదుగురు ఆడవాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళలో అప్పలనరసమ్మ ఒకతె.

"దెబ్బ తగిలినాదేటి బాబూ?"

"లేదమ్మా."

"తగుల్తాది. రేపు తెలుస్తాది. కొబ్బరినూనె ఎచ్చబెట్టి రాసుకో."

ఫ్యాక్టరీ బండి మీంచి ఒక జీడిపిక్కల బస్తా దించి, ఆయనను దాని మీద కూర్చోబెట్టారు. ఆయన పెన్ను తీసి అలవాటుగా ఎడమచేత్తో పట్టుకున్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మొదటి సంతకం రూపవతి కాగితం మీద. అప్పటికి మూడూ ఇరవై. ఆ కాగితం తీసుకుని సుభద్ర స్కూటరు మీద అప్పలనరసమ్మను ఎక్కించుకుని గురుకులానికి వెళ్ళింది. ఆఫీసు మూసేలోగా ఇచ్చి రసీదు తీసుకుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. పట్నాయక్ గారు ఇంకా బస్తా మీదే కూర్చుని, ముప్పై ఎనిమిదో కాగితం చదువుతున్నారు.

సుభద్ర తన ధ్రువీకరణ కూడా ఆ రాత్రే రాసింది. బురుజు ఉద్దేశించిన ప్రయోజనాన్ని నెరవేర్చిందనీ, చరిత్ర ప్రకారం తరువాతి దశకు సమయం ఆసన్నమైందనీ. నళినాక్షరావుగారు పరమానందభరితులయ్యారు. అనుబంధ గృహానికి పది రోజుల్లో మంజూరు వచ్చింది. మిగిలిన పదహారు మండలాల్లో దశలవారీగా వెళ్ళడం అనవసర జాప్యమని భావించి, మొదటి దశ వదిలేసి నేరుగా రెండో దశ చేపట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. దీన్ని సమర్థంగా అమలు చేయడానికి ఆయన నాయకత్వాన ఇంకో బృందం పదిహేడో శతాబ్దాన్ని అధ్యయనం చేయడానికి ఐర్లండు బయలుదేరింది.

అనుబంధ గృహమంటే ఒక పెద్ద గది, రేకుల వసారా, నేలకు సమానంగా గుమ్మం, రెండు పక్కలా కిటికీలు, గోడ పొడుగునా సిమెంటు బెంచీ. సన్యాసి దాన్ని ఇరవై రెండు రోజుల్లో లేపాడు. బెంచీ మీద అద్దంలా నున్నగా పూత పూసి, ఈసారి తన పేరు ఒక మూల తాపీ మొనతో చెక్కుకున్నాడు.

చివరి కొలతలు తీసుకోవడానికి సుభద్ర వెళ్ళిన రోజున అప్పలనరసమ్మ వసారాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకు ఆఫీసులో పనేమీ లేదు. రూపవతిని బడిలో దింపి వస్తూ, ఎండగా ఉందని ఆగింది. పిల్ల ఏడవలేదట. తనకే ఏడుపొచ్చిందట. అదంతా చెప్పాక ముసలామె తల ఎత్తి, ఎదురుగా ఖాళీగా నిలబడిన బురుజును చాలాసేపు చూసింది.

"ఇంజినీరమ్మా, ఒక మాటడుగుతాను. ఇంతింత రాయి, ఇంతింత గోడ, పైన సిల్లు, కింద మెట్టు. ఎవుల్ని సూసి అంత బయం ఆళ్ళకి?"

సుభద్ర టేపు చుట్టడం ఆపింది.

"నిన్ను చూసే మామ్మా."

అప్పలనరసమ్మ నోరంతా తెరిచి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత లేచి, పమిట బిగించి బొడ్లో దోపుకుని, మోకాలి నొప్పి సంగతే మరిచిపోయినట్టు నిటారుగా రోడ్డెక్కింది.